అంగం మీద నెలల తరబడి పోని మచ్చ, దురద, పుండు: ఏం చూడాలి, ఏం రాయాలి

బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా మందుల షాపుకెళ్లి ‘జాదు మలమ’ అనండి, ‘తామర మందు’ అనండి, చాలాసార్లు చేతికొచ్చేది ఒకే రకం ట్యూబు. వెనక చిన్నక్షరాల్లో మూడు నాలుగు మందుల పేర్లుంటాయి. అందులో క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ వంటి పేరుంటే అది స్టెరాయిడ్ కలిసిన మందు. రాసిన రెండు రోజులకే దురద, ఎరుపు తగ్గుతాయి కానీ తామరకు కారణమైన ఫంగస్ చావదు. మానేసిన కొద్ది రోజులకే తామర ఇంకా వెడల్పుగా, అంచు స్పష్టంగా లేకుండా తిరగబెడుతుంది. మళ్లీ అదే ట్యూబు, మళ్లీ అదే వరస. 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా చీటీ అడగకుండా ఇచ్చేవాళ్లున్నారు.

వృషణాల సంచి మీది చర్మం చాలా పల్చన. ముంజేతి చర్మంతో పోలిస్తే స్టెరాయిడ్‌ను దాదాపు 40 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే చేతిమీద ఏమీ చేయని మందు అక్కడ నెల రాస్తే చర్మం ఎర్రబారి, నిప్పు రాసుకున్నట్టు మండుతుంది. ఆ మంటకు మళ్లీ ఆ మందే రాస్తే అలవాటు పడిపోతుంది. కాబట్టి మొదటి పని, జబ్బు పేరు తెలిసేదాకా అలాంటి ట్యూబు ఆపడం. ఆపాక కొన్ని వారాలు మంట పెరగవచ్చు. చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు వేసి, తడి ఆరాక వట్టి వాజలీన్ రాయండి. తట్టుకోలేకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి గానీ పాత ట్యూబు తీయకండి.

ఇక చూడడం. వట్టి నీళ్లతో కడిగి, తుడిచి, పగటి వెలుతురులో నిలబడండి. అంగం తలను కప్పే ముందు చర్మాన్ని పూర్తిగా వెనక్కి లాగి చూడండి. చూశాక తప్పకుండా ముందుకు తెచ్చేయాలి, లేకపోతే అక్కడే బిగుసుకుని అంగం వాస్తుంది. సంచి ఎత్తి కింది భాగాన్ని అద్దంలో చూడండి. గజ్జలు, కాలివేళ్ల సందులు, చేతివేళ్ల సందులు, నోటి లోపల కూడా చూడాలి, ఎందుకంటే అసలు జబ్బు ఆనవాలు చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. వారానికోసారి ఒకే దూరం నుంచి ఫోనులో ఫొటో తీసుకోండి. డాక్టరుకు మీ మాటకన్నా అదే బాగా చెబుతుంది.

కొన్నిటికి మందే అక్కర్లేదు. అంగం తల అంచు చుట్టూ వరసగా ఉండే చిన్న తెల్లటి బుడిపెలు, చర్మం కింద పసుపుపచ్చ రవ్వల్లాంటివి, వయసు మీద పడ్డాక సంచి మీద కనిపించే ముదురు ఎరుపు చుక్కలు, ఇవేవీ జబ్బులు కావు, అంటుకునేవీ కావు. గిల్లితే మాత్రం పుండవుతాయి.

తామర గజ్జల మడతలో మొదలై తొడ మీదికి వలయంగా పాకుతుంది. అంచు ఎర్రగా, పొలుసుగా ఉంటే మధ్య కాస్త తేరుకుని ఉంటుంది. సంచిని సాధారణంగా వదిలేస్తుంది. సంచి మీదే చర్మం మందంగా, గీతలుపడి ఉండి, రాత్రిపూట గోకకుండా ఉండలేకపోతే అది తామర కన్నా గోకుడు వల్ల పుట్టిన ఎగ్జిమా అయ్యే అవకాశమే ఎక్కువ. తామరకు వట్టి క్లోట్రిమజోల్ 1 శాతం రోజుకు రెండుసార్లు గానీ, లులికొనజోల్ ఒకసారి గానీ రాయాలి. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి కూడా రాయండి. చర్మం మామూలైనట్టు కనిపించాక ఇంకో రెండు వారాలు ఆపకూడదు. చాలామంది తప్పేది ఇక్కడే అనిపిస్తుంది. మన దేశంలో టెర్బినఫిన్ అనే తామర మందుకు లొంగని ఫంగస్ బాగా పెరిగింది. నాలుగు వారాలైనా తగ్గకపోతే పొలుసు గీకించి పరీక్ష చేయించి, మాత్రలు డాక్టరే రాయాలి.

లోదుస్తులు, లుంగీ, తువ్వాలు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరబెట్టి ఇస్త్రీ చేయాలి. సూరత్ మగ్గాల షెడ్లకు వెళ్లే గంజాం కుర్రాళ్లు ఒకే గదిలో తువ్వాళ్లు పంచుకుంటారు. ఒక్కడు మందు రాసుకుని మిగతావాళ్లు వదిలేస్తే అది తిరుగుతూనే ఉంటుంది.

అంగం తల ఎర్రబడి, తెల్లటి పెరుగులాంటి పొర కట్టి, ముందు చర్మం కొసన చీలికలు పడుతుంటే మొదట షుగరు పరీక్ష చేయించుకోండి. చాలామందికి షుగరు ఉందని తొలిసారి తెలిసేది ఇలాగే. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకూ ఇది వస్తుంది. మాత్ర మీరే మానకుండా డాక్టరుకు చెప్పండి. సబ్బు, డెటాల్ వద్దు.

ఒకేచోట ముదురు మచ్చ లేచి, మండి, మానాక నల్లగా మిగిలి, కొన్నాళ్లకు సరిగ్గా అదే చోట మళ్లీ వస్తోందా? అయితే ముందురోజు ఏ మాత్ర వేసుకున్నారో గుర్తుచేసుకోండి. విరేచనాలకు వాడే ఆర్నిడజోల్, మెట్రోనిడజోల్, నొప్పి మాత్రలు, సల్ఫా మందులు ఇలా చేస్తాయి. ఆ పేరు రాసి పర్సులో పెట్టుకోండి. దీన్ని సుఖవ్యాధి అనుకుని భార్యాభర్తలు తగువులు పడుతుంటారు, అది అన్యాయం.

ముందు చర్మం తెల్లగా, గట్టిగా మారి, బిగుసుకుని, మూత్రధార సన్నబడుతుంటే అది లైకెన్ స్క్లిరోసస్ కావచ్చు. ఇక్కడ మందు క్లోబెటసాల్ 0.05 శాతమే, డాక్టరు చూస్తుండగా రోజుకోసారి, ఒకటి నుంచి మూడు నెలలు. తామరను పెంచే మందే దీన్ని నయం చేస్తుంది. పేరు తెలియకుండా రాయొద్దనడం ఇందుకే. తగ్గకపోతే సున్తీ ఆపరేషను చేస్తారు. తగ్గినా ఏటా చూపించుకోవాలి, ఎందుకంటే దీనిమీద క్యాన్సరు పుట్టే ప్రమాదం కొంత ఉంది.

రాత్రి దురద, సంచి మీద, అంగం మీద గట్టి బుడిపెలు, ఇంట్లో ఇంకొకరికీ గోకుడు ఉంటే గజ్జి. పెర్మెత్రిన్ 5 శాతం మెడ నుంచి పాదాల దాకా రాసి, 8 నుంచి 14 గంటలుంచి కడగాలి. వారానికి మళ్లీ రాయాలి. ఇంటిల్లిపాదీ అదే రాత్రి రాసుకోవాలి. పురుగు చచ్చినా బుడిపెలు నెలలుంటాయి, అది చూసి మందు మళ్లీ మళ్లీ రాయకండి.

సంచి బరువెక్కి చర్మం మందంగా, గరుకుగా మారితే ఈ తీరప్రాంతంలో ఫైలేరియా గుర్తుకు రావాలి. బుడ్డ అని సిగ్గుపడి దాచొద్దు. రోజూ కడిగి, మడతలు ఆరబెట్టి, ఆపరేషను గురించి సర్జన్ని అడగండి.

నొప్పిలేని పుండు సిఫిలిస్ కావచ్చు. ఎర్రటి మాంసంలా పెరిగి, తాకితే రక్తం కారేది డోనొవనోసిస్ కావచ్చు. అది ఒకప్పుడు ఈ తూర్పు తీరంలో బాగా ఉండేది. రెండూ మందులకు లొంగుతాయి. జిల్లా ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకు చూసే సురక్ష క్లినిక్‌లో పరీక్ష, మందులు ఉచితం. 1097కు ఫోను చేస్తే దగ్గరి కేంద్రం చెబుతారు. భాగస్వామికీ పరీక్ష, అవసరమైతే వైద్యం చేయించాలి.

చర్మం నల్లబడి, దుర్వాసనతో, జ్వరంతో గంటల్లో నొప్పి పాకుతుంటే, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లకు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. వెనక్కి వెళ్లిన ముందు చర్మం తిరిగి రాకపోయినా అంతే.

ఏ పుండైనా, కండైనా నాలుగు వారాల్లో మానకపోతే చర్మవైద్యుడికి చూపించి పరీక్షకు ముక్క తీయించండి. బరంపురం ఎంకేసీజీ, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రుల్లో ఆ విభాగాలున్నాయి. మత్తు సూది వేసి కొద్దిపాటి ముక్క తీస్తారు, ఆ గాయం ఒకటి రెండు వారాల్లో మానుతుంది. ముందు చర్మం వెనక్కి రాక లోపల ఏముందో కనిపించనివాళ్లు, పొగాకు వాడేవాళ్లు ఆ నాలుగు వారాలు కూడా ఆగొద్దు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, చేతిసంచిలో వేసుకెళ్లండి.