మధ్యయుగం గురించి విన్న మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

మధ్యయుగపు యూరప్ అనగానే చాలామందికి కళ్లముందు ఆడే బొమ్మ ఒకటే: బురద వీధులు, స్నానం ఎరుగని జనం, ముప్పై ఏళ్లకే చావు. అలా అనేసి ఊరుకుంటే నిజంగా బతికిన మనుషులకు అన్యాయం చేసినట్టే. ఇలాంటి మాట వినిపిస్తే ఏం చేయాలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌ను పట్టుకుని చూద్దాం.

1. ముందు ఊరు, కాలం, మనిషి ఎవరో అడగండి. మధ్యయుగమంటే సుమారు వెయ్యేళ్లు. 1209లో ఆక్స్‌ఫర్డ్ గొడవలకు భయపడి వచ్చేసిన పండితులతో కేంబ్రిడ్జ్‌లో చదువులు మొదలయ్యాయి. అదే ఊళ్లో వర్తకులు, కూలీలు, సన్యాసులు, ధర్మాసుపత్రిలో తలదాచుకున్న పేదలు కూడా ఉన్నారు. వీళ్లలో ఎవరి గురించి చెబుతున్నారు?

2. తర్వాత ఆధారం చూపమనండి. నాకు బాగా నచ్చిన ఆధారం సమాధుల్లోని మట్టి. అగస్టీనియన్ అనే క్రైస్తవ సన్యాసుల శాఖ మఠాల్లో మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు ఉండేవి. కాబట్టి సన్యాసులే ఆరోగ్యంగా ఉండి ఉంటారనుకుంటాం. పరిశోధకులు కేంబ్రిడ్జ్ సమాధుల్లోని అస్థిపంజరాల నడుము ఎముకల దగ్గరి మట్టిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, కడుపులో పురుగుల గుడ్ల కోసం వెతికారు. మామూలు జనం 25 మందిలో 8 మందికి ఆ పురుగులున్నాయి. సన్యాసుల్లోనైతే 19 మందిలో 11 మందికి! మఠం తోటల్లో కూరగాయలకు మనుషుల మలాన్నే ఎరువుగా వేసి ఉండొచ్చని వాళ్ల అంచనా.

పాదాల ఎముకలు ఇంకో సంగతి చెప్పాయి. 14వ శతాబ్దంలో మొన తేలిన బూట్ల మోజు పెరిగింది. బొటనవేలు పక్కకు వంగిపోయే లోపం అంతకుముందు 6 శాతం మందిలో కనిపిస్తే, 14, 15 శతాబ్దాల్లో 27 శాతానికి చేరింది. కాళ్లు నొప్పి పెట్టినా సోకు మానలేదన్నమాట.

3. సగటు చూసి మోసపోకండి. పసిపిల్లల చావులు ఎక్కువ కాబట్టి సగటు ఆయుష్షు పడిపోతుంది. బాల్యం గట్టెక్కినవాళ్లు యాభై, అరవై దాకా బతకడం వింతేమీ కాదు.

4. వాళ్లు చదివిన పుస్తకం తెరవండి. భూమి బల్లపరుపుగా ఉందని అప్పటివాళ్లు నమ్మారంటారు. 13వ శతాబ్దంలో సాక్రోబోస్కో అనే పండితుడు రాసిన ఖగోళ గ్రంథం యూరప్ విశ్వవిద్యాలయాల్లో వందల ఏళ్లు పాఠ్యపుస్తకం. ఓడ తీరం వదిలి దూరం వెళ్లాక, ఒడ్డున ఉన్న గుర్తు తెరచాప కొయ్య మొదట్లో నిలబడ్డవాడికి కనపడదు, పైకెక్కినవాడికి కనపడుతుంది. నీరు గుండ్రంగా వంగి ఉండడమే కారణమని అందులో ఉంది.

5. అలాగని ఆ కాలాన్ని స్వర్ణయుగమనీ అనకండి. 1355 ఫిబ్రవరి 10న ఆక్స్‌ఫర్డ్‌లో ఒక మద్యం దుకాణంలో వైన్ బాగాలేదని విద్యార్థులు మొదలుపెట్టిన తగవు, ఊరివాళ్లకూ విశ్వవిద్యాలయానికీ మధ్య రోజుల తరబడి కొట్లాటైంది. చనిపోయిన విద్యార్థులు 63 మందని లెక్క చెబుతారు. దానికి ప్రాయశ్చిత్తంగా ఊరి పెద్దలు ఏటా అదే రోజున చర్చికి వెళ్లి రుసుము చెల్లించే ఆచారం 1825 దాకా సాగింది.