బీఎంఐ లెక్క: మన గీత 25 కాదు, 23

ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె బీఎంఐ. అది తప్పు వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఎత్తుని. కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తాం కాబట్టి అక్కడి పొరపాటు దాదాపు రెట్టింపు అవుతుంది. 5 అడుగుల 10 అంగుళాల మనిషి యాప్‌లో 5.10 అని కొడతాడు. యాప్ దాన్ని 5.1 అడుగులు అనుకుంటుంది, అంటే 155 సెంటీమీటర్లే. 72 కిలోల బరువుకి 22.8 రావాల్సింది 29.8 వస్తుంది. పాపం, ఆ రోజు నుంచే ఇంట్లో అన్నం బంద్!

అందుకని ఎత్తు మొత్తం అంగుళాల్లోకి మార్చి 2.54తో గుణించండి. 5 అడుగుల 4 అంగుళాలంటే 64 అంగుళాలు, 162.6 సెంటీమీటర్లు, అంటే 1.626 మీటర్లు. కొలిచేటప్పుడు చెప్పులు విప్పి, కొప్పు ఉంటే ముడి విప్పి, మడమలూ వీపూ గోడకి ఆనేలా నిలబడి నేరుగా ముందుకి చూడాలి. గట్టి అట్ట పుస్తకాన్ని గోడకి ఆనించి తలమీదికి దించి, దాని అడుగు అంచు దగ్గర ఇంకొకరు పెన్సిల్‌తో గీత పెట్టాలి. తనంతట తాను గీసుకుంటే పుస్తకం వాలిపోతుంది.

బరువు పొద్దున్నే, ఏమీ తినకముందు, బాత్రూంకి వెళ్లొచ్చాక చూసుకోండి. మిషన్ గచ్చు మీదే ఉండాలి, చాప మీదో మ్యాట్ మీదో పెడితే తూకం తేడా వస్తుంది.

ఆ ఎత్తు మనిషి బరువు 65 కిలోలనుకుందాం. ఇక ఫోన్ కాలిక్యులేటర్‌లో 65 ÷ 1.626 ÷ 1.626 కొట్టండి. 24.6 వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ పట్టికలో ఇది మామూలు బరువే. అక్కడ అధిక బరువు 25 నుంచి, ఊబకాయం 30 నుంచి మొదలవుతాయి. మనవాళ్లకి మాత్రం ఇది అధిక బరువు. 2009లో భారతీయ నిపుణులు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని గీత కిందికి జరిపారు. బ్రిటన్‌లో ఉండే దక్షిణాసియా వాళ్లకి అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా గీత కిందికే పెట్టింది: అధిక బరువుకి 23, ఊబకాయానికి 27.5. 18.5 కన్నా తక్కువైతే తక్కువ బరువు.

ఎందుకంటే, అదే బీఎంఐ దగ్గర మనకి కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. ఆ కొవ్వు కూడా పొట్టలో చేరుతుంది, షుగర్ తొందరగా వస్తుంది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యడ్కిన్ 2004లో తమ ఫొటోతోనే ఇది చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం.

కాబట్టి టేపు కూడా తీయండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో, బట్ట అడ్డం లేకుండా, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, చాలామంది దాన్ని పొట్ట కిందికి కడతారు. లంగా బొందు కట్టుకునే చోటు కూడా కాదు. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే బీఎంఐ 22 ఉన్నా షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి.

ఎంత బరువుండాలో తెలియాలంటే లెక్క తిప్పండి. 1.626ని 1.626తో గుణిస్తే 2.644. దాన్ని 18.5తో గుణిస్తే 48.9, 22.9తో గుణిస్తే 60.5 కిలోలు. పై మనిషి నాలుగున్నర కిలోలు తగ్గితే చాలు.

గర్భిణులకీ, ఒంటికి నీరు పట్టినవాళ్లకీ ఈ అంకెలు పనికిరావు. పిల్లలకి వయసుని బట్టి వేరే గ్రోత్ చార్టులుంటాయి. జిమ్‌లో బాగా కండ పెంచినవాళ్లకి 26 వచ్చినా టేపు మాటే వినండి. నడుం వంగిన పెద్దవాళ్లకి ఎత్తు తగ్గి బీఎంఐ ఎక్కువ చూపిస్తుంది. వాళ్ల విషయంలో చూడాల్సింది ఇంకొకటి: ఏ ప్రయత్నం లేకుండా ఆరునెలల్లో 60 కిలోల మనిషి 57కి వస్తే, బీఎంఐ ఎంతున్నా డాక్టర్‌కి చూపించాలి.