కోటలూ రాజుల కథకి ఊళ్ళ పేర్లు పుట్టించడం ఎలా

మనవాళ్ళు జానపద ఫాంటసీ రాస్తూ గీసుకునే మ్యాపుల్లో అన్నీ వజ్రపురాలు, వీరపురాలు, స్వర్ణగిరులే. ఆస్థాన కవి ఒక్కడే కూర్చుని ఒకే పూటలో రాజ్యమంతటికీ బారసాల చేసేసినట్టుంటుంది. కవిగారి కంటే ముందు అక్కడ చెరువు తవ్వుకున్నవాళ్ళు, చెట్టు కింద బండి దింపుకున్నవాళ్ళు ఉంటారు కదా, పేరు వాళ్ళ నోట్లోంచి రానివ్వండి.

అందుకే ముందు నీళ్ళు గీయండి. నది మధ్యలో మేట వేస్తే లంక, లోతుగా నీళ్ళు నిలిస్తే మడుగు, మిట్టగా ఉంటే దిన్నె, ఇంకెక్కడి నుంచో జనం వచ్చి దిగితే వలస. దాని ముందు ఓ చెట్టో గడ్డో తగిలించండి. చింతలపూడి, నేరేడుచర్ల, జమ్మలమడుగు వింటుంటేనే ఆ నేల కనిపిస్తుంది. ప్రాంతానికో తోక కేటాయిస్తే ఇంకా మంచిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు వలసలు ఎక్కువ. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది, దరిదాపుల్లో సముద్రం లేదు, అక్కడ పెద్ద చెరువే సముద్రం.

ఉదాహరణకి మీ నది నల్లేరు అనుకుందాం. ఒడ్డున ఊరు నల్లేటిపాడు. ఇంటిపేర్లలో పాడు కాస్తా పాటి అవుతుంది కాబట్టి అక్కడి నుంచి వచ్చిన సైనికుడికి నల్లేటిపాటి అని ఇంటిపేరు ఫ్రీగా వచ్చేస్తుంది. రుద్దమ అనే రాణి చెరువు తవ్విస్తే శాసనంలో రుద్దమసముద్రం, కొన్ని తరాలు పోయాక జనం నోట్లో రుద్దసంద్రం, మన రాజమహేంద్రవరం రాజమండ్రి అయినట్టే. ఇలా అరగదీయడం చాలామంది వదిలేస్తారు, నన్నడిగితే అసలు మజా అంతా అందులోనే ఉంది.

రాజధానికి మాత్రం రెండు పేర్లుండాలి. ఓరుగల్లుకి సంస్కృతంలో ఏకశిలానగరం ఉన్నట్టు, మీ పిడుగుకొండ దానపత్రాల్లో అశనిగిరి అవుతుంది. ఎవరు ఏ పేరు పలుకుతున్నారో చూస్తే చాలు, దర్బారు మనిషో సంత మనిషో తెలిసిపోతుంది. రేవు పట్నమైతే పరాయి భాషని కూడా రానివ్వండి, మచిలీపట్నానికి బందరు అనే పేరు అలా అంటుకున్నదే, పారసీలో బందర్ అంటే రేవు.

వరసగా ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు వద్దు, చదివేవాళ్ళు కలిపేసుకుంటారు. ఖరారు చేసే ముందు "నల్లేటిపాడెళ్ళే బండి ఇదేనా?" అని గట్టిగా అరిచి చూడండి, నాలుక మడత పడితే ఇంకొంచెం అరగదీయండి. ఫోన్లో మ్యాప్ తెరిచి ఒకసారి వెతకండి కూడా, నిజంగా ఆ పేరుతో ఊరుంటే, అక్కడి దొరని మీరు విలన్ చేశారని తెలిసి ఆ ఊరివాళ్ళు ఊరుకోరు.