కొత్త హోమ్ థియేటర్ రిసీవర్ (టీవీ సౌండును స్పీకర్లకు పంపే ఆంప్లిఫయర్ డబ్బా) ఆన్ చేసే ముందు జర ఇవి చూస్కోర్రి

డబ్బా విప్పంగనే ప్లగ్గు పెట్టకుర్రి, వైర్లన్నీ కలిపినంకనే కరెంటు. ఎండాకాలం మా నల్గొండ గల్లీల వోల్టేజీ ఎప్పుడెట్లుంటదో తెల్వది, 230 ఉండాల్సింది కిందమీద అయితది, అందుకే స్టెబిలైజర్ ఉంటే పెట్టుర్రి, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్లనే.

అసలు పరేషాన్ స్పీకర్ వైర్లతోనే. ఒలిచినంక రాగి పోగులు గట్టిగ మెలిపెట్టుర్రి, ఒక్క సన్నటి పోగు పక్క టెర్మినల్‌కు తాకినా షార్టయి రిసీవర్ ప్రొటెక్షన్ల పడుతది, అంటే ఖరాబు కాకుండ తనంతట తానే బందైతది, నాకు గట్లనే అయితే అరగంటసేపు కొత్త డబ్బా ఖరాబైందనే అనుకున్న. ఎర్రది ప్లస్సుకు, నల్లది మైనస్సుకు. ఒక్కదానికి ఉల్టా పెట్టినా బేస్ పల్చగైతది.

రిసీవర్ ఎనక 6 నుంచి 16 ఓమ్స్ (స్పీకర్ కరెంటును ఎంత ఆపుతదో చెప్పే లెక్క) అని ఉంటే 4 ఓమ్స్ స్పీకర్లు తగిలియ్యకుర్రి.

టీవీకి ఏఆర్‌సీ (టీవీ సౌండు అదే వైరుల రిసీవర్‌కు వచ్చేది) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టే. రిసీవర్‌ను షోకేసుల ఇరికిచ్చుడు, మీద బట్ట కప్పుడు అసలే వద్దు, వేడెక్కుతది.

వాల్యూమ్ మొత్తం తగ్గించి ఆన్ చేసి మెల్లగ పెంచుర్రి. రాత్రిపూట మాత్రం వద్దు, మా పక్కింటి అవ్వ సబ్‌వూఫర్ దెబ్బకు సజ్జ మీది గిన్నెలు కదులుతున్నయని పదకొండింటికి తలుపు కొట్టింది.