రేవు పట్టణాల మధ్య సిస్టర్ సిటీ ఒప్పందం కుదుర్చుకోవడం ఎలా?

సిస్టర్ సిటీ ఒప్పందం అంటే వేర్వేరు దేశాల్లోని రెండు నగరాలు దీర్ఘకాల స్నేహసహకారాల కోసం చేసుకునే ఒప్పందం. భాగస్వామి కోసం వెతికేటప్పుడు పెద్ద పేరున్న రేవును కాక, సరకు రకంలోనూ, జనాభాలోనూ, సముద్రం తెచ్చిపెట్టే చిక్కుల్లోనూ మీ ఊరికి దగ్గరగా ఉన్న రేవును ఎంచుకోవాలి. చేపల రేవుకూ కంటైనర్ల రేవుకూ మధ్య మాట్లాడుకోవలసిన విషయాలు త్వరగానే అయిపోతాయి. నగరపాలక సంస్థ, పోర్టు యాజమాన్యం వేర్వేరైతే రెండింటి సమ్మతినీ, అవసరమైన చోట విదేశాంగ శాఖ అనుమతినీ ముందే తీసుకోవాలి.

ఒప్పంద పత్రం రెండు పేజీలు దాటనక్కరలేదు. అయితే ఖర్చు ఎవరిది, ఎవరు ఎవరి దగ్గరకు వెళ్తారు, ఎప్పుడు సమీక్షిస్తారు అన్నవి మాత్రం స్పష్టంగా రాసుకోవాలి. మేయర్ల పర్యటనలకే డబ్బంతా పోకుండా (అలా జరిగే ప్రమాదమే ఎక్కువ), ఓడలను రేవులోకి నడిపించే పైలట్లు, క్రేన్ ఆపరేటర్లు, విద్యార్థులు కొన్ని వారాలపాటు అవతలి రేవులో పని చూసేలా ఏర్పాటు చేయాలి. ఓడను బెర్తుకు (రేవులో ఓడ ఆగే చోటుకు) చేర్చేటప్పుడు టగ్గులకు (ఓడను లాగే, నెట్టే చిన్న నౌకలకు) పైలట్ ఇచ్చే ఆదేశాలను పక్కనే నిలబడి విన్నవారికి కలిగే అవగాహన సదస్సుల్లో దొరకదు.

అమెరికాలోని సియాటిల్, జపాన్‌లోని కోబే నగరాల బంధం 1957లో మొదలై నేటికీ నిలిచి ఉంది. అదే ఏడాది ఆ రెండు దేశాల మధ్యే మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కో, ఒసాకా బంధాన్ని మాత్రం ఒక స్మారక విగ్రహంపై తలెత్తిన వివాదం కారణంగా ఒసాకా 2018లో తెంచుకుంది. కాబట్టి రాజకీయ విభేదాలు వచ్చినా విద్యార్థుల రాకపోకలు ఆగకుండా, వాటి బాధ్యతను మొదటే ఒక పౌర సంఘానికి అప్పగించడం మంచిది.