‘పర్ఫెక్ట్ బ్లూ’ని ఇంట్లో నలుగురికీ చూపించాలంటే

ముందు ఎవరిని పిలవకూడదో తేల్చుకోండి. ‘పర్ఫెక్ట్ బ్లూ’ జపాన్ యానిమేషన్ సినిమా. బొమ్మల సినిమా అనగానే పిల్లల్ని చంకనేసుకుని వచ్చేస్తారు. ఇందులో హత్యలున్నాయి, కథలో వచ్చే టీవీ సీరియల్ కోసం చిత్రీకరించే అత్యాచార దృశ్యం ఉంది. ఆ సంగతి పెద్దవాళ్లకు కూడా ముందే చెప్పండి. చెన్నై వలసరవాక్కంలో మా హాల్లో వేసే సినిమాలకు వచ్చేవాళ్లలో సగం మంది నాలాగే ఎడిటింగ్ గదుల్లో పనిచేసేవాళ్లు. అయినా సరే, ఈ హెచ్చరిక మానను.

కథ చెప్పమంటే ఇంతవరకే చెప్పండి: ముగ్గురమ్మాయిల పాటల బృందం నుంచి మీమా బయటికొచ్చి నటి అవుతుంది. ఒక అభిమానికి అది మింగుడుపడదు. ఇంటర్నెట్‌లో ఎవరో ఆమె పేరుతో డైరీ రాస్తుంటారు. ఇది దర్శకుడు సతోషి కోన్ తొలి సినిమా, 1997 నాటిది. కంప్యూటర్ ఎలా వాడాలో మీమాకు ఒకరు నేర్పాల్సి వస్తుంది. అక్కడ కుర్రవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. తను రైలు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడుతుందో కూడా ఆ డైరీలో ఉందని తెలిశాక ఆ నవ్వు ఉండదు.

నిడివి 81 నిమిషాలే. ఇంటర్వెల్ వద్దు, భోజనాలు ముందే కానిచ్చేయండి. వడపళని వెళ్లి మెట్రో ఎక్కాల్సినవాళ్లుంటే ఏడున్నరకే మొదలుపెట్టండి. జపనీస్ మాటలే ఉంచి సబ్‌టైటిల్స్ పెట్టండి. టీవీలో కదలికలను నున్నగా చేసే సెట్టింగు ఒకటుంటుంది, దాన్ని తప్పక ఆపేయండి. లేకపోతే గీసిన బొమ్మ జారుతున్నట్టు కనిపిస్తుంది.

ఇక అసలు విషయం, కట్‌లు, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారే చోట్లు. మొదటి పది నిమిషాలు కళ్లు తిప్పకుండా చూడమనండి. వేదిక మీద ఆడిపాడే మీమా నుంచి రైల్లో, సూపర్‌మార్కెట్లో ఒంటరిగా తిరిగే మీమాకు ఏ సూచనా లేకుండా దూకుతాడు కోన్. అదే ప్రేక్షకుడికి ఆయన ఇచ్చే శిక్షణ. అలా దూకడం మనకు అలవాటయ్యాక దాన్నే మనమీద ప్రయోగిస్తాడు. ఆమె మంచం మీద ఉలిక్కిపడి లేస్తుంది. ఇంతవరకూ చూసింది కలా, షూటింగా, నిజమా? సీరియల్లో ఆమెకు మొదట దక్కేది ఒకే ఒక్క డైలాగు: “ఎవరు నువ్వు?” ఆ ప్రశ్న ఆ తర్వాత ఎవరి నోట, ఎవరి వైపు తిరుగుతుందో గమనించమనండి. వెనక్కి తిప్పమని తప్పకుండా ఎవరో ఒకరు గొడవచేస్తారు. రిమోట్ ఇవ్వకండి.

అభిమాని సంగతి కూడా అంతే. కచేరీలో అతను అరచెయ్యి చాపుతాడు, దూరంగా వేదిక మీద ఆడుతున్న మీమా ఆ చేతిలో ఇమిడిపోయినట్టు కనిపిస్తుంది. కటౌట్లకు పాలు పోసే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఆ ఒక్క షాట్‌కు వివరణ అక్కర్లేదు.

అయిపోగానే “ఇంతకీ చేసిందెవరు?” అన్న వాదన మొదలవుతుంది. కాసేపు కొట్టుకోనిచ్చి, మొదటి పది నిమిషాలూ మళ్లీ వేయండి. ఈసారి రిమోట్ ఎవరి చేతిలో ఉన్నా ఫరవాలేదు.