పాత లారీకి ఎయిర్ ట్యాంకులో నీళ్లు తీయడం మరవకండి

ఇంట్లోనే పాత లారీ పని చూసుకునేవాళ్లు ఇంజిన్ ఆయిల్, గ్రీజు బాగానే పట్టించుకుంటారు. ఎయిర్ బ్రేకు ట్యాంకుల అడుగున ఉండే డ్రెయిన్ వాల్వు దగ్గరికి మాత్రం చాలామంది వెళ్లరు. కంప్రెసర్ నొక్కిన వేడిగాలి ట్యాంకులో చల్లబడగానే అందులోని తేమ నీరుగా మారి అడుక్కి చేరుతుంది. ఆ నీళ్లు లైన్లలోకి పోతే వాల్వులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. చలి ప్రాంతాల్లో గడ్డకట్టి బ్రేకులే పనిచేయకుండా పోవచ్చు.

రోజూ బండి ఆపాక తీయడం మంచిది. మొదట చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే స్ప్రింగ్ బ్రేకు (గాలి పోయినా స్ప్రింగు బలంతో పట్టే బ్రేకు) లేని పాత బండికి గాలి దిగిపోయాక ఎయిర్ బ్రేకు ఉండదు. ముఖం పక్కకు పెట్టి వాల్వు మెల్లగా తిప్పండి. కంప్రెసర్ నుంచి గాలి మొదట చేరే ట్యాంకులోనే ఎక్కువ నీళ్లుంటాయి కాబట్టి దాన్ని అస్సలు వదలొద్దు.

బయటికొచ్చేది కూడా చూడండి. కాస్త జిడ్డు మామూలే. ఆయిల్ బాగా వస్తుంటే కంప్రెసర్ రింగులు అరిగి ఉండొచ్చు. ఎయిర్ డ్రయ్యర్ (గాలిలోని తేమ తీసే పరికరం) ఉన్న బండిలో నీళ్లు కనిపిస్తుంటే దాని కార్ట్రిడ్జ్ మార్చే సమయం వచ్చిందని అనుమానించాలి.

ఇంకొకటి, స్ప్రింగ్ బ్రేకు చాంబర్‌ను ఇంట్లో విప్పొద్దు. లోపలి స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరితే ప్రాణం పోతుంది.